కాలువలు కట్టేయకముందే డిజిటల్ కీ తీసుకోండి: ఈ-టెండరు వేసే పద్ధతి

మన గోదావరి డెల్టాలో లాకులు, తూములు, గట్ల పనులు చాలావరకు వేసవిలో కాలువలకు నీళ్లు ఆపేశాకే జరుగుతాయి. టెండర్లు అంతకు కాస్త ముందు పడతాయి, వాటిలో తక్కువ గడువుండే షార్ట్ టెండర్లే ఎక్కువ. నోటీసు చూశాక డిజిటల్ సంతకం (పెన్‌డ్రైవ్ లాంటి టోకెన్‌లో వస్తుంది, దాన్నే కీ అంటాం) కోసం రావులపాలెం, తణుకు పరుగెత్తేవాళ్లను ఏటా చూస్తున్నాను. ఉమ్మడి రాష్ట్రంలో ఈ-ప్రొక్యూర్‌మెంట్, అంటే ప్రభుత్వ టెండర్లు ఆన్‌లైన్ పోర్టల్‌లో వేసే పద్ధతి, 2003లోనే మొదలైంది, అయినా మనవాళ్లకు ఇంకా కొత్తగానే ఉంది.

ముందు ఒక అయోమయం తీర్చుకోండి. శాఖ దగ్గర కాంట్రాక్టరు క్లాసు రిజిస్ట్రేషన్ వేరు, పోర్టల్‌లో లాగిన్ వేరు. మొదటిది ఎంత పెద్ద పనికి అర్హులో చెబుతుంది, రెండోది తలుపు తీస్తుంది, అంతే.

డిజిటల్ సంతకం క్లాస్ 3దే తీసుకోవాలి. 2021 జనవరి 1 నుంచి క్లాస్ 2 ఇవ్వడం లేదు. సైనింగ్ (సంతకం) ఒక్కటే కాదు, ఎన్‌క్రిప్షన్ (ఇతరులు చదవకుండా తాళం వేయడం) కూడా కావాలని అడగండి, లేకపోతే బిడ్, అంటే టెండరు వేసే దగ్గరకొచ్చాక ఆగిపోతారు. పాన్, ఆధార్, ఫోన్‌కి ఓటీపీ, కెమెరా ముందు చిన్న వీడియో, ఇంతే పని. కానీ ఎక్కువమంది ఆగిపోయేది పేరు దగ్గర. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరం, పాన్‌లో పూర్తిగా, జీఎస్టీలో చివర తగిలించి ఉంటుంది. మా బాబాయికి ఇది సరిచేయించుకునేసరికి ఆ సీజన్ పనులన్నీ వేరేవాళ్లకి వెళ్లిపోయాయి, అందుకే సంక్రాంతి వెళ్లగానే మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసుకోమంటాను.

కీ చేతికొచ్చాక విండోస్ కంప్యూటర్‌లో టోకెన్ డ్రైవర్, పోర్టల్ అడిగే సైనింగ్ సాఫ్ట్‌వేర్ వేసుకుని, బిడ్డరుగా వివరాలు నింపి, కీని లాగిన్‌కి జతచేయాలి. ఫోన్‌తో అయ్యే పని కాదిది. పిన్ వరసగా తప్పు కొడితే టోకెన్ లాక్ అవుతుంది. కీ రెన్యువల్ చేయించినప్పుడు మళ్లీ జతచేయాలి, ఈ ముక్క షాపువాడు చెప్పడు.

ఇక టెండరు. నంబరుతో వెతికి షెడ్యూలు మొత్తం దించుకుని చదవండి, పాత పనిలో కాగితాలే ఇందులోనూ సరిపోతాయనుకోవద్దు. ఈఎండీకి (టెండరుతో పాటు పెట్టే ధరావతుకి) బ్యాంకు గ్యారంటీ పెడితే స్కాన్ ఎక్కించి ఊరుకోకుండా, ఒరిజినల్ ఎవరికి, ఎప్పటిలోగా ఇవ్వాలో చూడండి. మీ రేటు టెక్నికల్ కాగితాల్లో, అంటే అర్హత చూపే కాగితాల్లో, ఎక్కడా కనబడకూడదు. ధర దగ్గర శాతం వేసేటప్పుడు లెస్సా (అంచనా కంటే తక్కువా), ఎక్సెస్సా (ఎక్కువా) అన్నది రెండుసార్లు చూసుకోండి. ఒకసారి నేను పక్కన కూర్చుని టీ తాగుతుంటే నెట్ సెంటర్ కుర్రాడు నాకు లెస్ బదులు ఎక్సెస్ నొక్కాడు. వాణ్ణి తిట్టి లాభం లేదు, స్క్రీన్ చూడనిది నేను.

అసలు అడ్డంకి కంప్యూటర్ రాకపోవడం కాదని నా అభిప్రాయం. కీని, పిన్‌ని కలిపి నెట్ సెంటర్ డ్రాయర్‌లో వదిలేయడం. ఒకచోట ఏడెనిమిది టోకెన్లు రబ్బరు బ్యాండు వేసి, ఒక్కోదానికి పేరు, పిన్ రాసిన చీటీ అంటించి ఉండటం కళ్లారా చూశాను. 2000 నాటి ఐటీ చట్టం ప్రకారం ఆ కీతో పెట్టిన సంతకం మీ చేతి సంతకంతో సమానం. చెక్కుబుక్కు మీద సంతకాలు పెట్టి అలా ఎవరికైనా ఇస్తారా? టైపింగ్ వాళ్లతో చేయించుకోండి, కీ మాత్రం జేబులో పెట్టుకుని ఇంటికి రండి.

గడువుకు లెక్క సర్వర్ గడియారమే, మన ఫోన్‌లో టైమ్ కాదు. కరెంటు సంగతి తెలిసిందే కదా, ముందురోజే వేసి, అక్నాలెడ్జ్‌మెంట్ ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకోండి.