ఆసుల జత వచ్చినా పిక్కలు ఎందుకు పోతున్నాయి?

విజయనగరం గంటస్తంభానికి కూతవేటు దూరంలో ఉన్న ఒక మేడ మీద పండగ సెలవుల్లో మేము ఆరుగురం పోకర్ టోర్నమెంటు ఆడుకుంటాం (తలా రెండు ముక్కలు చేతిలో, అందరికీ ఉమ్మడిగా ఐదు బల్ల మీద). డబ్బు పెట్టి ఆడటం చట్టరీత్యా నేరం కనుక తలా 100 చింతపిక్కలతో మొదలుపెడతాం. పిక్కలు అయిపోయినవారు లేచి అందరికీ టీ పెట్టాలి. అందరమూ రమ్మీలో చేయి తిరిగినవాళ్లమే అయినా, మంచి ముక్కలు పడిన ఆటల్లోనే ఎక్కువగా దెబ్బతింటున్నాం.

సమస్య: ఆసుల జతను చివరికి ఎవరివో చిన్న ముక్కల రెండు జతలు కొట్టేస్తున్నాయి.

కారణం: రమ్మీలో జోకరు వచ్చిన సంగతి ముఖంలో కూడా కనపడనివ్వం. ఆ అలవాటుతోనే ఇక్కడా బ్లైండుకు (ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా వేసే పందేనికి) సరిపడా పిక్కలు వేసి ఊరుకుంటాం. చవగ్గా ఉంది కదా అని మరో నలుగురు లోపలికి వస్తారు. చివరి ముక్క వరకూ సాగితే, ఒక్క ప్రత్యర్థి మీద సుమారు 85 శాతం సార్లు గెలిచే ఆసుల జత, నలుగురి మీద 56 శాతం దగ్గరకు పడిపోతుంది. కిందటి సంక్రాంతికి నేను ఇస్పేటు ఆసు, ఆటీను ఆసు పట్టుకుని మౌనంగా కూర్చుంటే, 7, 4 ముక్కలతో ఊరికే వచ్చినవారికి ఫ్లాపులో (బల్ల మీద మొదట తెరిచే మూడు ముక్కల్లో) 7, 4, రాణి పడ్డాయి. ఆ పూట టీ నేనే పెట్టాను.

పరిష్కారం: బిగ్ బ్లైండు (రెండు బ్లైండ్లలో పెద్దది) 2 పిక్కలైతే 6 పిక్కలకు పెంచండి; మీకన్నా ముందే ఎవరైనా వట్టి కాల్ చేసి (పెంచకుండా, ఉన్న పందేనికి సరిపడా మాత్రమే వేసి) ఉంటే, ఒక్కొక్కరికి మరో 2 కలపండి. అందరూ వదిలేస్తారేమోనన్న భయం అక్కర్లేదు, పిక్కలున్నవారికి కుతూహలం ఎక్కువ.

సమస్య: రాజుల జత ఉన్నప్పుడు బల్ల మీద ఆసు పడినా చేయి వదలడం లేదు.

ఫ్లాపులో ఆసు కనపడటం దాదాపు 23 శాతం సార్లు జరిగేదే కనుక దాన్ని దురదృష్టం అనుకోనక్కర్లేదు. ఒక చిన్న బెట్టు వేసి చూడండి. ఎప్పుడూ ఆచితూచి ఆడే మనిషి ఎదురు పెంచితే ఫోల్డ్ చేయండి, అంటే ముక్కలు పడేయండి. ఆసు, రాజు కలిసి వచ్చినప్పుడు కూడా, ఫ్లాపులో జత తగిలేది దాదాపు మూడింట ఒకసారే.

సమస్య: పిక్కలు తరిగాక కూడా ఆసుల కోసమే ఎదురుచూస్తున్నాం.

కారణం లెక్కలోనే ఉంది. 10 బిగ్ బ్లైండ్లు మిగిలినవారికి, ఆరుగురి బల్ల మీద రెండు బ్లైండ్లకూ కలిపి చుట్టుకు ఒకటిన్నర చొప్పున పోతే, సుమారు 40 ఆటల్లో అన్నీ కరిగిపోతాయి; బ్లైండ్లు పెరిగితే ఇంకా ముందే. ఆసుల జత సగటున 221 ఆటలకు ఒకసారి వస్తుంది. అందువల్ల ఆ దశలో పదుల జతకైనా, ఆసు రాజులకైనా, మీకన్నా ముందు ఎవరూ పెంచకపోతే ఆల్ ఇన్ చేయడమే (ఉన్న పిక్కలన్నీ తోసేయడమే) మేలు. ముందుగా తోసినవారికి ఎదుటివారు వదిలేస్తారన్న ఆశ ఒకటి అదనంగా ఉంటుంది. కాల్ చేసినవారికి ముక్కలు తప్ప మరో ఆధారం లేదు.