జీఎస్టీ లాగిన్ కన్సల్టెంట్ దగ్గరే ఉండిపోయిందా? తిరిగి తెచ్చుకునే విధానం

పోయిన నెలలో ఒక హార్డ్‌వేర్ షాపు వాళ్లబ్బాయి నా దగ్గరికొచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో నాన్న పాన్ కార్డు జిరాక్సు, ఆధార్ జిరాక్సు, షాపు గోడ మీంచి ఫ్రేముతో సహా దించుకొచ్చిన జీఎస్టీ సర్టిఫికెట్. వాళ్ల జీఎస్టీ లాగిన్ పాత కన్సల్టెంట్ చేతిలోనే ఉండిపోయిందట. దాన్ని తిరిగి తెచ్చుకుందామని పన్నుల శాఖ సర్కిల్ ఆఫీసుకు మూడుసార్లు వెళ్తే మూడుసార్లూ తిప్పి పంపారట. మూడోసారి మెట్లు దిగుతుంటే ఒకాయన పక్కకు పిలిచి, "ఐదు వేలు ఇచ్చెయ్ బాబూ, సాయంత్రానికి పాస్‌వర్డ్ నీ ఫోన్లో ఉంటుంది" అన్నాడట.

ముందే చెప్పేస్తున్నా, ఈ పనికి ప్రభుత్వ ఫీజు ఏమీ లేదు. మధ్యలో మనిషి అవసరమూ లేదు.

ఇలా ఇరుక్కున్నది వీళ్లొక్కరే కాదు. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు హడావుడిగా రిజిస్ట్రేషన్లు చేయించుకున్న చిన్న వ్యాపారులు చాలామంది మొబైల్ నంబరు, మెయిల్ ఐడీ గడుల్లో ఎవరివి పడ్డాయో చూసుకోలేదు. కన్సల్టెంట్ తనవే పెట్టుకున్నాడు. సంబంధం బాగున్నన్నాళ్లూ ఇబ్బంది తెలియదు. ఫీజు దగ్గర మాట తేడా వచ్చిన రోజున ఓటీపీ ఆగిపోతుంది. ఇలాంటి ఫిర్యాదులు ఎక్కువయ్యాకే 2018 ఆగస్టు 31న కేంద్ర ఆర్థిక శాఖ దీనికొక దారి ప్రకటించింది. మీ పరిధిలోని పన్ను అధికారే పోర్టల్లో మీ మెయిల్, మొబైల్ మార్చి, పాస్‌వర్డ్ రీసెట్ చేస్తారు.

మొదట మీ అధికారి ఎవరో తెలుసుకోవాలి. జీఎస్టీ పోర్టల్లో లాగిన్ లేకుండానే 'సెర్చ్ ట్యాక్స్‌పేయర్' తెరిచి మీ జీఎస్టీఐఎన్ కొట్టండి. ఆంధ్రావాళ్లకు 37తో, తెలంగాణవాళ్లకు 36తో మొదలయ్యే నంబరది. కేంద్రం వైపు, రాష్ట్రం వైపు రెండు జ్యూరిస్‌డిక్షన్లూ (పన్ను ఆఫీసుల పరిధులు) కనిపిస్తాయి. మీ ఫైలు ఎవరి కింద ఉంటే వాళ్ల దగ్గరికే వెళ్లాలి. రాష్ట్రం కిందైతే సర్కిల్, కేంద్రం కిందైతే రేంజ్. ఇంటికి దగ్గరని రెండో దానికి వెళ్తే ఒక పూట దండగ.

అసలు చిక్కంతా తర్వాతి మెట్టులో ఉంది. అధికారి ముందుగా చూసేది, ఎదురుగా నిలబడ్డ మనిషి పేరు ఆ రిజిస్ట్రేషన్లో యజమానిగానో, భాగస్వామిగానో, ఆథరైజ్డ్ సిగ్నేటరీ (సంస్థ తరఫున సంతకం చేసే అధికారమున్న మనిషి) గానో ఉందా అని. ఆ అబ్బాయి పేరు ఎక్కడా లేదు. షాపు నాన్న, బాబాయి పేర్ల మీద పార్ట్‌నర్‌షిప్. నాన్న సంతకం చేసిన కాగితం పట్టుకెళ్లినా ఒప్పుకోలేదు. నిజానికి ఆఫీసు వాళ్లు ఇక్కడ కఠినంగా ఉండటమే మనకు మంచిది. ఎవరొచ్చి అడిగితే వాళ్లకు లాగిన్ ఇచ్చేస్తే, రేపు ఆ కన్సల్టెంటే ఇంకో కాగితం పట్టుకుని వెళ్తాడు.

రెండో తప్పు ఆ ఫ్రేములోనే ఉంది. మనం గోడకు తగిలించేది సర్టిఫికెట్ మొదటి పేజీ ఒక్కటే. సొంత షాపైతే అది చాలు, ఎందుకంటే లీగల్ నేమ్ దగ్గర యజమాని పేరే ఉంటుంది. భాగస్వామ్య సంస్థకు అలా కాదు. మొదటి పేజీలో ఫర్మ్ పేరు తప్ప మనుషుల పేర్లుండవు. భాగస్వాముల వివరాలు వెనకున్న అనెక్జర్-బీలో ఉంటాయి. ఆ పేజీలు కన్సల్టెంట్ ఫైల్లో ఉండిపోయాయి. ఇలాంటప్పుడు పార్ట్‌నర్‌షిప్ డీడ్ కాపీ తీసుకెళ్లండి. దాంతోపాటు వెళ్లే భాగస్వామి పాన్, ఆధార్, షాపు చిరునామాకు కరెంటు బిల్లు, లెటర్‌హెడ్ మీద ఒక అర్జీ. అన్నిటికీ ఒరిజినల్స్ కూడా చేతిలో ఉంచుకోండి. అధికారి వీటిని సరిచూసి, రుజువుగా పోర్టల్లో అప్‌లోడ్ చేయాలి.

అర్జీలో కొత్త మెయిల్ ఐడీని చేత్తో రాయకండి, టైపు చేయించండి. ఆ అబ్బాయి రాసిన ఐడీలో సున్నా ఉంది. నాకు అది ఇంగ్లీషు 'ఓ' లాగే కనిపించింది, అధికారికీ అలాగే కనిపించేది. తాత్కాలిక పాస్‌వర్డ్ ఆ మెయిల్‌కే వస్తుంది మరి.

మోకాళ్ల నొప్పులని ఇన్నాళ్లూ ఇంట్లో కూర్చున్న నాన్నగారు చివరికి ఆటోలో వెళ్లారు. అరగంటలో పనైపోయింది. యూజర్‌నేమ్, తాత్కాలిక పాస్‌వర్డ్ మెయిల్లో వచ్చాక లాగిన్ పేజీలో కింద 'ఫస్ట్ టైమ్ లాగిన్' అనే లింకు ఉంటుంది, అందులోంచి వెళ్లాలి. మామూలు గడుల్లో కొట్టి "పనిచేయట్లేదు" అని కంగారుపడొద్దు. లోపలికెళ్లగానే కొత్త యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పెట్టుకోమంటుంది.

ఇక్కడితో అయిపోయిందనుకుని చాలామంది ఆపేస్తారు. లోపల ఆథరైజ్డ్ సిగ్నేటరీ జాబితా తెరిచి చూడండి, పాత కన్సల్టెంట్ పేరు ఇంకా ఉండొచ్చు. సర్వీసెస్, రిజిస్ట్రేషన్, అమెండ్‌మెంట్ నాన్-కోర్ ఫీల్డ్స్ వరుసలో వెళ్లి, ముందు మీ భాగస్వామిని సిగ్నేటరీగా చేర్చండి. ఓ పావుగంట ఆగి మళ్లీ లాగిన్ అయి, పాత పేరు దగ్గర 'ప్రైమరీ' టిక్కు తీసి కొత్త పేరుకు పెట్టండి. ఆ తర్వాతే పాత పేరు తొలగించండి. ఈ మార్పుకు అధికారి ఆమోదం అక్కర్లేదు. సంస్థలోకే కొత్త భాగస్వామిని చేర్చడం, ఉన్నవాళ్లను తీసేయడం మాత్రం కోర్ (కీలకమైన) మార్పు, అది ఆమోదానికి వెళ్తుంది. రెండూ ఒకే అర్జీలో కలిపేయకండి.

దీన్ని ఇంతగా నొక్కి చెప్పడానికి కారణముంది. నోటీసులు మామూలుగా రిజిస్టరైన మెయిల్‌కే వెళ్తాయి. రిజిస్ట్రేషన్ రద్దు చేయబోతున్నామని వచ్చే రెగ్-17 నోటీసుకు జవాబివ్వడానికి ఉండేది ఏడు పనిదినాలు. అది కన్సల్టెంట్ ఇన్‌బాక్సులో పడి ఉంటే మీకు తెలిసేసరికి గడువు దాటిపోతుంది.

మరి రిటర్నులు ఎవరు వేస్తారు? కన్సల్టెంటే వేయొచ్చు, తప్పేం లేదు. పాస్‌వర్డ్ ఇవ్వక్కర్లేదు, అంతే. ఆయన జీఎస్టీ ప్రాక్టీషనరుగా నమోదై ఉంటే, యూజర్ సర్వీసెస్‌లో 'ఎంగేజ్' చేసుకోండి. ఆయన తన సొంత లాగిన్‌తో మీ పని చేస్తారు. రిఫండ్, రిజిస్ట్రేషన్ మార్పులు, రద్దు లాంటి దరఖాస్తులు ఆయన వేసినా పోర్టల్ మీ దగ్గర నిర్ధారణ అడుగుతుంది. వద్దనుకున్న రోజున అక్కడే 'డిస్‌ఎంగేజ్' నొక్కితే చాలు. "నమోదు ఎందుకండీ, పాస్‌వర్డ్ ఇచ్చేయండి, సులువు" అనే వాళ్లుంటారు. సులువు ఎవరికో ఒక్క నిమిషం ఆలోచించండి.

సరుకు రవాణాకు తీసే ఈ-వే బిల్లు పోర్టల్‌ది వేరే లాగిన్. గోడౌన్లో బిల్లులు కొట్టే కుర్రాడికి అక్కడ యూజర్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి సబ్-యూజర్ తయారుచేయండి. బిల్లు తయారీ, తిరస్కరణ, రిపోర్టులు, ఏవేవి చేయొచ్చో టిక్కు పెట్టి ఇవ్వొచ్చు. 2025 ఏప్రిల్ 1 నుంచి అందరికీ ఓటీపీ తప్పనిసరి కాబట్టి ఆ కుర్రాడి సొంత మొబైల్ నంబరే ఇవ్వండి. మీది ఇస్తే లారీ లోడైన ప్రతిసారీ, అర్ధరాత్రైనా, ఫోన్ మీకే మోగుతుంది. హార్డ్‌వేర్ షాపులో ఇలాగే ఇద్దరికి రెండు ఐడీలు పెట్టాం. అందులో ఒకతను మొన్న పని మానేశాడు. నాన్నగారు ఆ సాయంత్రమే నాకు ఫోన్ చేసి, ఆ ఐడీని ఆపేసే 'ఫ్రీజ్' ఎక్కడుందో అడిగి, నేను లైన్లో ఉండగానే నొక్కేశారు.