లెక్కలో ఏ గుర్తు ముందు? ప్రక్రియల క్రమం పాటించడం ఎలా

4 + 3 × 5 ఎంత? ఎడమ నుంచి వరసగా చేసుకుంటూ పోతే 35 వస్తుంది, గుణకారం ముందు చేస్తే 19. సరైన జవాబు 19. ఐదేసి పెన్నులున్న డబ్బాలు 3, విడిగా 4 పెన్నులు ఉన్నాయనుకోండి. 3 × 5 అంటే 5 + 5 + 5, దానికి విడిగా ఉన్న 4 కలపాలి. ముందే 4నీ 3నీ కలిపి 7 అంటే పెన్నులను డబ్బాలతో కూడినట్టే.

సంఖ్యలు రాసే తీరు కూడా ఈ క్రమం మీదే నిలబడింది. 345 అంటే 3 × 10² + 4 × 10 + 5. ఒక్క బ్రాకెట్ కూడా లేకుండా ఇలా రాయగలుగుతున్నామంటే ముందు ఘాతం, తర్వాత గుణకారం, చివర కూడిక అన్న ఒప్పందం ఉండబట్టే.

బాడ్మాస్ (BODMAS: బ్రాకెట్, ఘాతం, భాగహారం, గుణకారం, కూడిక, తీసివేత అనే వరస) అని బడిలో అందరూ బట్టీపడతారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. అందులో ఆరు అక్షరాలున్నాయి గానీ మెట్లు నాలుగే: బ్రాకెట్లు, ఘాతాలు, గుణకార భాగహారాలు, కూడిక తీసివేతలు. గుణకారం, భాగహారం ఒకే మెట్టు మీద ఉంటాయి. ఏది ఎడమవైపు ఉంటే అది ముందు. కూడిక, తీసివేతలకూ అంతే. కొన్ని దేశాల్లో నేర్పే ఇలాంటి సూత్రం పెమ్డాస్ (PEMDAS)లో గుణకారం భాగహారం కంటే ముందే ఉంటుంది. అయినా జవాబు మారదు.

ఇప్పుడు 50 − 2 × (3 + 4)² ÷ 7 + 6 చేద్దాం. ప్రతి దశనూ కొత్త వరసలో రాయండి, ముట్టుకోని భాగాన్ని ఉన్నదున్నట్టు కిందికి దించండి.

1. బ్రాకెట్: 50 − 2 × 7² ÷ 7 + 6. బ్రాకెట్‌లో బ్రాకెట్ ఉంటే అన్నిటికంటే లోపలిదాన్ని ముందు తేల్చాలి. (3 + 4)²ని 3² + 4² అని విడదీయకండి. మొదటిది 49, రెండోది 25.

2. ఘాతం: 50 − 2 × 49 ÷ 7 + 6. ఘాతాంకం తనకు ఆనుకుని ఉన్న సంఖ్యదే. 2ను కూడా కలుపుకొని 14² చేస్తే 196 అయిపోతుంది.

3. కూడిక, తీసివేత గుర్తుల ముందు నిలువు గీతలు పెట్టి ముక్కలు చేయండి: 50 | − 2 × 49 ÷ 7 | + 6. ఏ ముక్క గుర్తు ఆ ముక్కదే. మధ్య ముక్క లోపల ఎడమ నుంచి కుడికి: 2 × 49 = 98, 98 ÷ 7 = 14. బాడ్మాస్ కంటే ఈ గీతలే ఎక్కువ తప్పులు ఆపుతాయి.

4. 50 − 14 + 6 = 36 + 6 = 42. కూడిక ముందనుకుని 14 + 6 చేసి 20 తీసేస్తే 30 వస్తుంది. తీసివేయాల్సింది 14 ఒక్కటే, 6 ముందు ఉన్నది ప్లస్. ఇదే పొరపాటుతో 24 ÷ 6 × 2కి 8 బదులు 2 వస్తుంది.

కనిపించని బ్రాకెట్లూ ఉంటాయి. భిన్నంలో అడ్డగీత పైనున్న లవమంతా ఒక బ్రాకెట్, కిందున్న హారమంతా ఇంకొకటి. వర్గమూలం గుర్తు కింద ఉన్నదీ అంతే. లవం 8 + 4, హారం 6 − 2 ఉన్న భిన్నం విలువ 3. దాన్ని ఒకే వరసలో టైప్ చేసేటప్పుడు (8 + 4) ÷ (6 − 2) అనాలి. బ్రాకెట్లు వదిలేస్తే 8 + 4 ÷ 6 − 2 అయి, ఆరున్నర కంటే పైన, 6.67 దగ్గర తేలుతుంది.

6 ÷ 2(1 + 2) లాంటివాటి మీద వాదించుకోవడం దండగ. 2కూ బ్రాకెట్‌కూ మధ్య గుర్తు లేనప్పుడు ఆ రెండూ విడదీయరాని జంట అని కొందరు లెక్కిస్తారు, 1 వస్తుంది. మామూలు గుణకారమే అనుకుంటే 9. కాలిక్యులేటర్లు కూడా కంపెనీని బట్టి రెండు రకాలుగానూ చెబుతాయి. రాసేది మీరైతే (6 ÷ 2) × (1 + 2) అనో 6 ÷ (2 × (1 + 2)) అనో తేల్చి రాయండి.

యంత్రాలనూ ఒకసారి పరీక్షించుకోవాలి. 4 + 3 × 5 కొట్టి చూడండి. 35 చూపిస్తే అది నొక్కిన వరసలోనే లెక్క కట్టే రకం, గుణకారాలు మీరే ముందు చేసుకోవాలి. గణితంలో −3² అంటే −9, ఎందుకంటే వర్గం 3కే. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష కూడా −9 అంటుంది. ఎక్సెల్‌లో =-3^2 (^ అంటే ఘాతం గుర్తు) కొడితే మాత్రం 9 వస్తుంది, అక్కడ మైనస్ ముందే 3కు అంటుకుంటుంది. −9 కావాలంటే =-(3^2) అని రాయాలి. 2^3^2 కూడా అంతే: గణితంలో పై ఘాతం ముందు కాబట్టి 2⁹ = 512, ఎక్సెల్‌లో ఎడమ నుంచి 8² = 64.