కార్డ్‌లెస్ వ్యాక్యూమ్ దుమ్ము లాగడం మానేసిందా? మోటార్‌ను అనుమానించే ముందు గాలి దారి చూడండి

మా అమ్మకు మోకాళ్లు అరిగాయి. వంగి చీపురు పట్టొద్దని డాక్టరుగారు చెప్పాక రూ. 6,500 పెట్టి ఒక తేలికపాటి కార్డ్‌లెస్ వ్యాక్యూమ్ క్లీనర్ కొన్నాం. ఐదో నెల వచ్చేసరికి అది దుమ్ము లాగడం మానేసింది. సర్వీస్ సెంటర్‌కు తీసుకెళితే రెండు నిమిషాలు చూసి, మోటార్ పోయింది, రూ. 2,800 అవుతుంది అన్నారు. మనసొప్పక ఇంటికి తిరిగి తెచ్చేశాను. ఆ రాత్రి దుమ్ము చేరే డబ్బా ఊడదీసి, గాలి లోపలికి వచ్చే మూతి దగ్గర టార్చ్ వేసి చూస్తే, పాల ప్యాకెట్ కత్తిరించినప్పుడు రాలే ప్లాస్టిక్ మూల ముక్క అక్కడ అడ్డంగా పడి ఉంది. దానికి అమ్మ వెంట్రుకలు చుట్టుకుని, వాటి మీద దుమ్ము పేరుకుని, చిన్న పిచ్చుక గూడులా తయారైంది. కనుబొమలకు వాడే ట్వీజర్‌తో లాగేశాను. మెషిన్ మళ్లీ మొదటి రోజులాగే పనిచేసింది.

అప్పటి నుంచి మా అపార్ట్‌మెంట్‌లో ఎవరి వ్యాక్యూమ్ మొరాయించినా నా దగ్గరికే తెస్తున్నారు. అన్నీ 5,000 నుంచి 10,000 రూపాయల లోపు మెషిన్లే. వాటిలో నిజంగా మోటార్ పోయినది ఒక్కటే. మిగతా వాటిలో కొన్నిటికి గాలి దారి మూసుకుపోయింది, కొన్నిటికి బ్యాటరీ నీరసించింది. మరికొన్నిటిలో అసలు ఏ లోపమూ లేదు, ఆ ధరకు మెషిన్ చేయగలిగింది అంతే. ఈ మూడింటినీ విడదీసి చూడటం నేర్చుకుంటే చాలా డబ్బు మిగులుతుంది.

లాగే బలం తగ్గింది

పది ఫిర్యాదుల్లో ఆరేడు ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఈ మెషిన్లలో గాలి ప్రయాణం ఇలా ఉంటుంది: నేల మీది హెడ్, పొడవాటి పైపు, డబ్బా మూతి, డబ్బా లోపలి జల్లెడ, స్పాంజి ఫిల్టర్, ముడతల కాగితంలా ఉండే హెపా ఫిల్టర్, ఆ తర్వాతే మోటార్. ఈ వరసలో ఎక్కడ అడ్డుపడినా ఆఖరున ఉన్న మోటార్ మీదకే నింద వస్తుంది.

ముందు చెవితో వినండి. దారి మూసుకుపోయినప్పుడు మోటార్ మీద గాలి భారం తగ్గి, అది ఇంకా వేగంగా తిరుగుతుంది. మామూలు హోరు పోయి సన్నని కూత వినిపిస్తుంది. కూత పెరిగి లాగడం తగ్గిందంటే మోటార్ బతికే ఉంది, అడ్డు ఎక్కడో ఉంది. మోటార్ నీరసంగా, మూలుగుతున్నట్టు తిరిగితే మాత్రం బ్యాటరీని చూడాలి.

తర్వాత ఒక టిష్యూ కాగితం తీసుకోండి. హెడ్, పైపు రెండూ ఊడదీసి, డబ్బా మూతి దగ్గర కాగితం పెట్టి ఆన్ చేయండి. టప్‌మని అతుక్కుంటే తప్పు హెడ్‌లోనో పైపులోనో ఉంది. పైపును వెలుతురుకు ఎదురుగా పట్టుకుని అందులోంచి చూడండి, అవతలి వైపు గుండ్రంగా కనిపించాలి. హెడ్ మెడ వంగే చోట మెత్తటి ముడతల గొట్టం ఉంటుంది. పల్లీ పొట్టు, జడ రబ్బరు, చాప నుంచి ఊడిన పుల్ల అక్కడే ఇరుక్కుంటాయి.

మూతి దగ్గరే కాగితం అతుక్కోకపోతే తప్పు డబ్బా నుంచి లోపలికి ఉంది. డబ్బా తీసి, జల్లెడ చిల్లులకు పట్టిన నూగును పాత టూత్‌బ్రష్‌తో గీకండి. ఫిల్టర్లు తీసి చెత్తబుట్ట అంచుకు తట్టండి. ఎంత తట్టినా తెల్లగా పొడి రాలుతూనే ఉంటే కడగాల్సిందే. డబ్బా మూతి చుట్టూ ఉండే రబ్బరు రింగు మడతపడినా, దాని మీద ఒక్క బియ్యపు గింజ కూర్చున్నా గాలి పక్కనుంచి దూరుతుంది. ఆ రింగు మీద ఒకసారి వేలు పెట్టి చుట్టూ తిప్పి చూడండి.

ఫిల్టర్ కడగవచ్చని డబ్బా మీదో పుస్తకంలోనో రాసి ఉంటేనే కడగండి. చల్లటి పంపు నీళ్లు చాలు. సబ్బు, వేడి నీళ్లు వద్దు, బ్రష్‌తో రుద్దవద్దు. నీడలో 24 గంటలు ఆరనివ్వాలి. వానాకాలంలో నేను ఫ్యాన్ కింద రెండు రోజులు ఉంచుతాను. పైకి పొడిగా కనిపించినా హెపా మడతల్లో తడి దాగి ఉంటుంది. ఆ తడితో నడిపితే దుమ్ము బురదై మడతలకు పట్టేస్తుంది, ముక్కిన వాసన వస్తుంది, మోటార్‌లోకి చెమ్మ పోతుంది. అందుకే రెండో ఫిల్టర్ ఒకటి కొని పెట్టుకోమని అందరికీ చెబుతాను. ఒకటి ఆరుతుంటే ఇంకొకటి పనిలో ఉంటుంది.

మన ఇళ్లలో ఫిల్టర్‌ను తొందరగా చంపేవి మరీ మెత్తటి పొడులు: ముగ్గు పిండి, విభూతి, పౌడరు, గోధుమపిండి. గోడకు డ్రిల్ వేసినప్పుడు రాలే సిమెంటు పొడి అన్నిటికన్నా ప్రమాదం, ఒక్కసారికే ఫిల్టర్ పూడిపోతుంది. వీటిని తడిగుడ్డతో ఎత్తేయండి. దేవుడి దగ్గర అగరుబత్తి బూడిదను ఎప్పుడూ లాగించవద్దు. అందులో ఒక్క నిప్పు కణం మిగిలినా ఎండు నూగు నిండిన డబ్బాలోకి వెళుతుంది.

ఆన్ అవుతుంది, కొన్ని సెకన్లకే ఆగిపోతుంది

హెడ్ ఊడదీసి నడపండి. ఆగకుండా నడిస్తే హెడ్‌లో తిరిగే బ్రష్ రోలర్ బిగుసుకుపోయింది. రోలర్ తిరగలేక ఎక్కువ కరెంటు లాగుతుంటే, లోపలి రక్షణ సర్క్యూట్ మెషిన్‌ను ఆపేస్తోంది. హెడ్ లేకపోయినా ఆగిపోతే ఫిల్టర్ తీసి ఐదంటే ఐదు సెకన్లు నడిపి చూడండి. పరీక్షకు తప్ప ఫిల్టర్ లేకుండా నడపకూడదు. అప్పుడు బాగా నడిస్తే ఫిల్టర్ పూడిపోయింది. అప్పుడూ ఆగిపోతే, పూర్తిగా చార్జ్ చేశాక మరోసారి చూడండి. నిండా చార్జ్ ఉండి కూడా ఆగిపోతుంటే బ్యాటరీ ప్యాక్‌లో ఒక సెల్ మిగతా వాటికన్నా నీరసించి ఉండవచ్చు. అది ఇంట్లో బాగుచేసుకునే పని కాదు.

బ్రష్ రోలర్ తిరగడం లేదు

పొడవాటి జుట్టున్నవాళ్లు ఉండే ఇంట్లో ఇది తప్పదు. రోలర్ మధ్యలో చుట్టుకున్నవి కనిపిస్తాయి కాబట్టి కత్తిరించేస్తాం. అసలు ఇబ్బంది రెండు చివర్లలో ఉంటుంది. పక్కనున్న లాక్‌ను రూపాయి బిళ్లతో తిప్పి రోలర్ బయటికి తీయండి. చివర టోపీ లాంటి ప్లాస్టిక్ ముక్కను లాగితే లోపల ఇరుసు చుట్టూ వెంట్రుకలు తాడులా పేనుకుని కనిపిస్తాయి. మా పక్కింటి పిన్నిగారి మెషిన్‌లో అది రాపిడి వేడికి గట్టిపడి నల్లటి ఉంగరంలా అయింది. కుట్లు విప్పే చిన్న కొక్కెం దూర్చి కొంచెం కొంచెంగా తెంపాల్సి వచ్చింది. పదిహేను రోజులకోసారి చూసుకుంటే రెండు నిమిషాల్లో అయ్యే పని అది.

వెంట్రుకలు లేకపోయినా తిరగకపోతే హెడ్‌కు కరెంటు వెళ్లే దారి చూడండి. పైపు చివర రెండు ఇత్తడి పిన్నులుంటాయి. పొడిగుడ్డతో తుడిచి, క్లిక్‌మని శబ్దం వచ్చేదాకా నొక్కి బిగించండి. మరీ చవక మెషిన్లలో కొన్నిటి హెడ్‌లో మోటారే ఉండదు, లోపలికి వెళ్లే గాలే రోలర్‌ను తిప్పుతుంది. తివాచీ మీద అది ఆగిపోతే లోపం కాదు, దాని శక్తి అంతే.

45 నిమిషాలన్నారు, 15 నిమిషాలకే అయిపోతోంది

ఇక్కడ చిన్న లెక్క వేద్దాం. ఈ తరగతి మెషిన్లలో తరచుగా ఆరు లిథియం సెల్స్ వరసగా ఉంటాయి. ఒక్కొక్కటి 3.6 వోల్టులు, మొత్తం 21.6. బ్యాటరీ మీద 2,000 ఎంఏహెచ్, అంటే 2 ఆంపియర్-అవర్లు అని ఉంటే, 21.6ను 2తో హెచ్చవేస్తే సుమారు 43 వాట్-అవర్లు. పూర్తి బలంతో నడిచే మ్యాక్స్ మోడ్‌లో మోటార్ 150 వాట్లు తాగుతుందనుకోండి, 43ను 150తో భాగిస్తే గంటలో మూడో వంతు కూడా రాదు, 17 నిమిషాలు. అదే తక్కువ బలంతో నడిచే ఎకో మోడ్‌లో 60 వాట్లయితే 43 నిమిషాలు. పెట్టె మీద రాసిన 45 నిమిషాలు ఎకోలో, చాలాసార్లు మోటార్ హెడ్ తగిలించకుండా కొలిచినవి. కాబట్టి కొత్త మెషిన్ మ్యాక్స్‌లో 15 నిమిషాలు నడిస్తే టెన్షన్ పడాల్సిన పని లేదు. టైల్స్ నేలకు ఎకో చాలు. పరుపుకు, చాపకు మాత్రమే మ్యాక్స్ వాడండి.

అరిగిన బ్యాటరీని గుర్తుపట్టాలంటే మొదటి వారంలోనే ఒక కొలత రాసి పెట్టుకోవాలి. నిండా చార్జ్ చేసి, ఎకోలో, ఆగేదాకా నడిపి టైమ్ చూడండి. నేను డబ్బా అడుగున మార్కర్‌తో రాసుకున్నాను: 38 నిమిషాలు. రెండేళ్లకు అది 29 అయింది. మొదటి 38లో సగానికి దిగితే కొత్త బ్యాటరీ కొంటాను.

లిథియం బ్యాటరీకి వేడి పడదు. మే నెలలో పడమటి గోడకు, ఎండ కొట్టే బాల్కనీలో చార్జింగ్ స్టాండ్ బిగిస్తే బ్యాటరీ ఆయుష్షు తగ్గించినట్టే. ఊరెళ్లేటప్పుడు నిండా చార్జ్ చేసి వదిలేయవద్దు, పూర్తిగా ఖాళీ చేసీ వదిలేయవద్దు. సగం ఉంచితే మంచిది.

బ్యాటరీ ఉబ్బినా, తియ్యటి రసాయన వాసన వచ్చినా ఆ క్షణమే వాడకం ఆపేయండి. ఇంకొక్కసారి చార్జ్ చేసి చూద్దాం అనే ఆలోచన వద్దు. అలాంటిది మున్సిపాలిటీ చెత్తబండిలో వేయకూడదు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం తయారీదారులే పాత బ్యాటరీలు సేకరించే ఏర్పాటు చేయాలి, కాబట్టి కంపెనీవాళ్లనే అడగండి.

చార్జింగ్ ఎక్కడం లేదు

ఇల్లంతా ఊడ్చి వెంటనే ప్లగ్ పెడితే చాలా మెషిన్లు చార్జింగ్ తీసుకోవు. సాధారణంగా లిథియం సెల్స్‌ను 45 డిగ్రీలు దాటితే చార్జ్ చేయకూడదు, అందుకే రక్షణ సర్క్యూట్ అడ్డుకుంటుంది. అరగంట ఆగి పెట్టండి. అప్పటికీ లైటు వెలగకపోతే వేరే ప్లగ్ పాయింట్ చూసి, పిన్నులు పొడిగుడ్డతో తుడవండి.

అడాప్టర్ పాడైతే ఇంట్లో ఉన్న ఏదో ఒకటి పెట్టేయవద్దు. పిన్ను సరిపోయినంత మాత్రాన వోల్టేజ్ సరిపోదు. ఆరు సెల్స్ నిండాలంటే 25.2 వోల్టులు కావాలి, 19 వోల్టుల లాప్‌టాప్ అడాప్టర్‌తో అది ఎప్పటికీ నిండదు. అంతకు మించిన వోల్టేజ్ ఇస్తే నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. పాత అడాప్టర్ మీద అవుట్‌పుట్ అని ఉన్న వరుస ఫోటో తీసుకుని, సరిగ్గా అదే కొనండి.

గింజలను లాగకుండా చిమ్మేస్తోంది

ఆవాలు, కందిపప్పు పడినప్పుడు హెడ్ ముందంచు వాటిని తోస్తుంది, గట్టి బ్రష్ వెనక్కి విసురుతుంది. ఇది రిపేరుకు లొంగేది కాదు. హెడ్ తీసేసి సన్నటి మూతితో లాగించండి. కొనేటప్పుడైతే మెత్తటి గుడ్డ రోలర్ ఉన్నది చూసుకోండి. మార్బుల్, గ్రానైట్ నేలలకు అదే నప్పుతుంది.

వెనక నుంచి దుమ్ము వాసన

ఫిల్టర్ సరిగ్గా కూర్చోలేదు, లేదా తడిగా ఉంది, లేదా చిరిగింది. చిరిగితే మార్చాల్సిందే.

చెయ్యి లాగేస్తోంది

తేలికపాటి అని రాసి ఉంటుంది కానీ ఆ బరువు తరచుగా బాడీది మాత్రమే. మా మెషిన్ బాడీ 1.3 కిలోలు, పైపు, హెడ్ కలిపితే 2.3. మోటార్, బ్యాటరీ రెండూ పిడి దగ్గరే ఉండటం వల్ల బరువంతా మణికట్టు మీద పడుతుంది. నేల ఊడ్చేటప్పుడు హెడ్ కొంత భారం మోస్తుంది కాబట్టి అమ్మకు ఇబ్బంది లేదు, అటక మీద బూజు దులపడానికి ఎత్తితే రెండు నిమిషాలకే చెయ్యి వణుకుతుంది. ఆ పని ఇప్పుడు నేనే చేస్తున్నాను. ట్రిగ్గర్ అదేపనిగా నొక్కి పట్టుకోవాల్సిన మోడల్ పెద్దవాళ్లకు కొనకండి. ఒక్కసారి నొక్కితే నడిచే బటన్ ఉన్నదే తీసుకోండి.

కొత్తది వచ్చిందా? రిటర్న్ గడువులోపు ఇవి చేసేయండి

పెట్టె మీది కిలోపాస్కల్ అంకె చూసి తృప్తి పడకండి. అది సాధారణంగా మూతి పూర్తిగా మూసి, గాలి కదలకుండా చేసి కొలిచిన పీడనం. దుమ్మును మోసుకెళ్లేది కదిలే గాలి. ఆ రెండూ కలిసి చెప్పే కొలత ఎయిర్ వాట్, చవక మెషిన్ల పెట్టెల మీద అది చాలా అరుదు.

కాబట్టి ఇంట్లోనే చూసుకోవాలి. ఒక చెంచా బొంబాయి రవ్వ టైల్స్ సందుల వెంట చల్లి, ఎకోలో ఒక్కసారి పోనివ్వండి. సందులో ఏమైనా మిగిలిందేమో వేలితో రుద్ది చూడండి. ఇంకో చెంచా చాప మీద చల్లి మ్యాక్స్‌లో రెండుసార్లు లాగించి, చాప ఎత్తి దులపండి. రాలేది చిటికెడుకు మించితే ఆ మెషిన్ మీ ఇంటికి సరిపోదు. మంచం కింద ఆ చివరిదాకా హెడ్ వెళుతుందా, డబ్బా ఖాళీ చేస్తే చేతికి దుమ్ము అంటుతోందా, అదీ చూడండి. ఎకో టైమ్ రాసుకోండి.

ఇక చివరిగా ఆ మోడల్ పేరుతో ఫిల్టర్, బ్యాటరీ విడిగా అమ్ముతున్నారేమో వెతకండి. బ్యాటరీ క్లిప్ నొక్కితే బయటికి వచ్చేదై ఉండాలి. ఆ రెండూ విడిగా దొరకని మెషిన్ అయితే, రవ్వ పరీక్షలో ఎంత బాగా నెగ్గినా నేను వెనక్కి పంపేస్తాను.