ఐదో తరగతిలోపు పిల్లలకి కరెంటు, వాతావరణ మార్పు ఎలా చెప్పాలి

మొదటి రోజే బోర్డు మీద భూగోళం గీసి, చుట్టూ మంటలు పెట్టి "భూమి వేడెక్కిపోతోంది పిల్లలూ" అని మొదలుపెట్టకండి. శక్తి అంటే ఏంటో తెలియని మూడో తరగతి పిల్లకి ఆ బొమ్మలో కనిపించేది భయం ఒక్కటే. ముందు ఓ వారం పది రోజులు శక్తి మీదే ఉండండి, వాతావరణం జోలికి వెళ్లొద్దు.

మధ్యాహ్న భోజనం అయ్యాక "ఇప్పుడు తిన్న అన్నంలో బలం ఎక్కడినుంచి వచ్చింది?" అని అడగండి. బియ్యం, వడ్లు, చేను అంటూ వాళ్లే వెనక్కి వెళ్తారు, మీరు తొందరపడి జవాబు చెప్పకపోతే ఎండ దాకా వెళ్తారు. పొయ్యిలో పెట్టే కొబ్బరి డొక్కలూ పిడకలూ, మిల్లు బాయిలర్‌లో మండే ఊకా కూడా ఎండ దాచిపెట్టినవే. అక్కడినుంచి నేలబొగ్గు, గ్యాస్ దగ్గరకి రావడం తేలిక. కోట్ల ఏళ్ల కిందటి మొక్కలూ, సముద్రంలోని చిన్న చిన్న జీవులూ దాచుకున్న ఎండే అవి కూడా. కోనసీమ పిల్లలకి గ్యాస్ బావి అంటే వింతేమీ కాదు. 1995లో పాశర్లపూడి బావిలో మంట లేచి రెండు నెలలకి పైగా మండింది. దాని గురించి ఇంట్లో తాతయ్యనో మామ్మనో అడిగి రమ్మనండి, మర్నాడు క్లాసంతా కబుర్లే.

ఇక మీటర్. నన్నడిగితే ఈ పాఠం మొత్తంలో బాగా పట్టుకునేది ఇదే. ఇప్పటి కరెంటు మీటర్లలో చిన్న ఎర్ర లైటు మిణుకుమిణుకుమంటూ ఉంటుంది, యూనిట్‌కి ఎన్నిసార్లు వెలుగుతుందో మీటర్ మీదే రాసి ఉంటుంది. 3200 అని ఉందనుకోండి. మిగతావన్నీ ఆపేసి 75 వాట్ల ఫ్యాన్ ఒక్కటే వేస్తే నిమిషానికి 4 సార్లు వెలుగుతుంది. ఫ్యాన్ ఆపి 1000 వాట్ల ఇస్త్రీపెట్టె పెడితే పిల్లలు లెక్కపెట్టలేక కేకలు పెడతారు, ఎందుకంటే నిమిషానికి 53 సార్లు. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బుకైతే ఒక్కసారి వెలగడానికి రెండు నిమిషాలు పైనే ఆగాలి. యూనిట్ అంటే 1000 వాట్ల వస్తువు ఒక గంట నడవడం అని అప్పుడు చెప్పండి, అస్సలు మర్చిపోరు. మీటర్‌ని మాత్రం ఎవర్నీ ముట్టుకోనివ్వద్దు, దూరంగా నిలబెట్టి చూపించండి, ఇస్త్రీపెట్టె మీరే పెట్టండి.

ఈ కరెంటు ఎక్కడినుంచి వస్తోందంటే, సీలేరులో నీళ్ల నుంచి కొంత, ఎండ, గాలి నుంచి కొంత, బొగ్గు మండించి చాలా. పెట్రోలు, బొగ్గు, గ్యాస్ ఏది మండినా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అది కంటికి కనిపించదు. పిల్లలు పొగనే అది అనుకుంటారు, అక్కడ ఆగి సరిచెయ్యండి. వేడిని బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచే అది భూమికి దుప్పటి లాంటిదని చెప్తే చాలు. ఇలాంటి వాయువులు అసలు లేకపోతే భూమి సగటున సున్నాకి 18 డిగ్రీలు కింద గడ్డకట్టుకుపోయేది, కాబట్టి దుప్పటి చెడ్డది కాదు, మందం పెరగడమే ఇబ్బంది. బొగ్గు యంత్రాలు రాకముందు లక్ష పాళ్ల గాలిలో కార్బన్ డయాక్సైడ్ 28 పాళ్లు ఉండేది, ఇప్పుడు 42 దాటింది. ప్లాస్టిక్ చెత్తనీ, ఓజోన్ పొరనీ ఇందులో కలపకండి. అవి వేరే పాఠాలు, కలిపితే పెద్దయ్యాక కూడా ఆ తికమక పోదు.

సముద్రం సంగతి రెండు గాజు గ్లాసులతో చెప్పొచ్చు. ఒకదాంట్లో నీళ్లు పోసి ఐసు ముక్క వేసి, నీటిమట్టం దగ్గర పెన్నుతో గీత పెట్టండి. రెండోదాంట్లో నీళ్లపైకి పొడుచుకొచ్చేంత పెద్ద రాయి పెట్టి, ఐసుని రాయి మీద ఉంచి, అక్కడా గీత పెట్టండి. ఏ గ్లాసులో నీళ్లు గీత దాటతాయో ముందే చేతులెత్తించి అడగండి. తేలే ఐసు కరిగినా మట్టం మారదు, రాయి మీది ఐసు కరిగితేనే పెరుగుతుంది. అంటే నేల మీదున్న మంచు కరిగి దిగడమే సముద్రాన్ని పెంచేది, దానికి తోడు నీళ్లు వేడెక్కి ఉబ్బుతాయి. 1900 నుంచి ఇప్పటికి ప్రపంచమంతా సగటున ఓ జానెడు పెరిగింది. పిల్లల జానెడు కాదు, మీ జానెడు గోడ మీద పెట్టి చూపించండి.

తుఫాను వచ్చిన ప్రతిసారీ "ఇదిగో వాతావరణ మార్పు" అనడం తప్పు. కాకినాడ దగ్గరి కోరంగి రేవుని తుఫాను ముంచింది 1839లో. 1996 నవంబరులో కోనసీమ కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. మన తీరానికి తుఫాన్లు ఎప్పుడూ ఉన్నాయి. సముద్రం వేడెక్కితే తుఫానుకి బలం ఎక్కువ దొరుకుతుంది, మట్టం పెరిగితే ఉప్పెన ఇంకా లోపలికి వస్తుంది, అంతవరకే చెప్పండి. వీలైతే కోరంగి మడ అడవికి తీసుకెళ్లండి. కుదరకపోతే పెద్ద పళ్లెంలో ఇసక గట్టు పోసి, సగానికి మడ చెట్లకి బదులుగా పుల్లలు దగ్గరదగ్గరగా గుచ్చి, చేత్తో అలలు కొట్టించండి. పుల్లల్లేని వైపు ఎలా కోసుకుపోతుందో వాళ్లే చూస్తారు.

ఒక్క విషయంలో చాలా జాగ్రత్త. నీళ్లు నిలిచిన వరిచేల నుంచి మీథేన్ అనే వాయువు వస్తుంది, అది కూడా దుప్పటిని మందం చేసేదే. చేలో బురదని కర్రతో కదిపితే బుడగలు లేస్తాయి, ఆ బుడగల్లో అది కూడా ఉంటుంది. చూపించండి, కానీ "మీ నాన్న తప్పు చేస్తున్నాడు" అన్నట్టు పిల్లాడి చెవిన పడకూడదు. మధ్యమధ్యలో నీళ్లు తీసి చేను ఆరబెడితే మీథేన్ తగ్గుతుందని, కాలవ నీళ్లు కూడా మిగులుతాయని చెప్పండి. ఇంటికెళ్లి నాన్నతో ధైర్యంగా మాట్లాడతాడు.

ఏదో ఒక రోజు ఎవరో ఒకరు "మా ఊరు మునిగిపోతుందా మాస్టారూ?" అని అడుగుతారు. నవ్వేసి దాటెయ్యకండి, అబద్ధమూ చెప్పకండి. ఇది రేపో ఎల్లుండో జరిగేది కాదని, ఏళ్ల తరబడి నెమ్మదిగా జరిగే మార్పని, ఆపే పని పెద్దవాళ్లదని చెప్పండి. ఇప్పుడు తుఫాను కబురు రోజుల ముందే ఫోనుకి వస్తోందని చెప్పి, మీ ఊళ్లో తుఫాను షెల్టర్ ఉంటే మరుసటి రోజే అందర్నీ అక్కడికి నడిపించుకెళ్లి, ఏ దారిన వెళ్లాలో, లోపల ఎక్కడ కూర్చోవాలో చూపించండి.