నెలలు నిండక పుట్టిన బిడ్డ మునివేళ్ల మీద నిలబడుతుంటే

సమస్య: నిలబెడితే కాళ్లు బిగుసుకుంటాయి, మడమ నేలకు ఆనదు. ఎత్తుకుంటే వెనక్కి విల్లులా వంగుతుంది. ఇంట్లో వాళ్లు ‘కాళ్లలో ఎంత బలమో’ అని మురిసిపోతూ వాకర్ కొంటారు.

ముందు వయసు లెక్క చూడండి. 40 వారాలకు ఎన్ని తక్కువైతే అన్ని వారాలు ఇప్పటి వయసులోంచి తీసేయాలి. 30 వారాలకు పుట్టి 8 నెలలు నిండితే, సవరించిన వయసు ఆరు నెలలు కూడా కాదు. రెండేళ్ల దాకా ఇదే లెక్క. డిశ్చార్జి కాగితంలో వారాలు రాసే ఉంటాయి, చూసేవాళ్లే తక్కువ.

అసలు కారణం బలం కాదు. చివరి వారాల్లో గర్భంలో చోటు చాలక బిడ్డ ముడుచుకుంటుంది, పాదం దాదాపు మోకాలి కింద కాలి ముందు భాగానికి ఆనేంత పైకి వంగుతుంది. ముందే పుట్టిన బిడ్డకు ఆ ముడుపు దొరకదు. మెత్తటి కండరాలతో పరుపు మీద చేతులు, కాళ్లు పరుచుకుని పడుకుంటుంది. ముడిచే కండరాలకు పని తగ్గి, వీపును వెనక్కి లాగేవి పైచేయి సాధిస్తాయి. ఈ బిగువు చాలామందిలో ఏడాది, ఏడాదిన్నరకు సర్దుకుంటుంది. రోజూ నిలబెడితే మాత్రం మునివేళ్లతో నెట్టడమే అలవాటవుతుంది.

బిడ్డ ఏడవనప్పుడు, తల నిటారుగా ఉంచి పరీక్షించండి. మడమను అరచేతిలో పట్టుకుని పాదాన్ని పైకి వంచాలి. వేళ్లు పట్టి నెడితే పాదం మధ్యలో వంగుతుంది, మడమ కదలదు, సాగిందనుకుని మోసపోతారు. మోకాలు మడిచి ఒకసారి, చాచి ఒకసారి. మెల్లగా, తర్వాత కాస్త వేగంగా. మెల్లగా వంగి, వేగంగా చేస్తే పట్టేస్తుంటే అది బిగువు, టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే గట్టి పట్టీ) బాగానే ఉంది. మెల్లగా చేసినా అక్కడే ఆగితే కండరమో, మడమ టెండనో కురచబడింది. మోకాలు చాచినప్పుడు మాత్రమే ఆగితే పైనున్న పిక్క కండరం. మడిచినా ఆగితే లోపలి కండరం, టెండన్.

పరిష్కారం: వాకర్, నిలబెట్టడం రెండూ ఆపండి. ఎత్తుకునేటప్పుడు వీపు మీ ఛాతీకి ఆనించి, తొడలు పొట్ట వైపు మడిచి, చేతులు ముందుకు తెచ్చి పట్టుకోండి. మెలకువగా ఉన్నప్పుడు మీ ఛాతీ మీద బోర్లా, మూడు నాలుగు నిమిషాల చొప్పున చాలాసార్లు. నిద్రలో మాత్రం వెల్లకిలానే. టెండన్ కురచగా ఉంటే సాగదీయడం ఫిజియోథెరపిస్టు దగ్గర చూసి నేర్చుకోండి. నూనె మర్దనా మంచిదే, రెండు కాళ్లూ చాపి కలిపి బిగుతుగా చుట్టడం తుంటి కీళ్లకు చెరుపు.

ఒక పక్కే బిగుసుకున్నా, కాళ్లు కత్తెరలా పెనవేసుకున్నా, సవరించిన 4 నెలలు దాటినా పిడికిలి విప్పకున్నా, ఏడాదిలోపే ఒకే చెయ్యి వాడుతున్నా ఆగకుండా పిల్లల డాక్టరుకు గానీ, జిల్లా ఆస్పత్రిలోని డీఈఐసీలో (పిల్లల ఎదుగుదల సమస్యలను తొలిదశలోనే చూసే కేంద్రం) గానీ చూపించాలి.

క్యాల్షియం, ఫాస్ఫరస్ తగ్గి ఎముకలు బలహీనపడటం, పుట్టు వంకర పాదం లాంటివి డాక్టరు చూసుకుంటారు. మునివేళ్ల సమస్యకు అవి కారణం కావడం అరుదు.