ఇంటీరియర్ డిజైనర్‌ను ఎప్పుడు కుదుర్చుకోవాలి?
పాత ఫ్లాట్‌ను బాగుచేయించదలచినవారు గోడలు పగలగొట్టించకముందే ఇంటీరియర్ డిజైనర్‌ను కుదుర్చుకోవడం మంచిది. గ్రైండర్, ఫ్రిజ్, గీజర్ ఎక్కడ ఉండాలో కాగితం మీద తేలాకే వైరింగుకూ నీటి పైపులకూ గోడల్లో గాడులు కొట్టించాలి, లేకపోతే అతికించిన టైల్స్‌నే మళ్లీ పగలగొట్టాల్సి వస్తుంది. చదరపు అడుగుకు ఇంత అని ధర చెప్పినప్పుడు, అది అల్మారా ముందుభాగం కొలతకా, లోపలి అరలన్నీ కలిపిన కొలతకా అని తప్పక అడగండి. తక్కువగా కనిపించే కొటేషన్లలో అసలు తేడా చాలాసార్లు ఇక్కడే ఉంటుంది. సింకు కింది అరకు ఐఎస్ 710 ముద్ర (తడిని తట్టుకునే మెరైన్ ప్లైవుడ్‌కు ఉండే భారతీయ ప్రమాణం గుర్తు) ఉన్న ప్లైవుడ్డే వాడాలని ఒప్పందంలో రాయించుకుని, షీట్లు దిగిన రోజునే, పైన లామినేట్ అతికించకముందు, ఆ ముద్రను స్వయంగా చూడండి. బరువు మోసే గోడలనూ స్తంభాలనూ తాకే మార్పులకు మాత్రం డిజైనర్ మాట చాలదు, స్ట్రక్చరల్ ఇంజినీరు చూసి తీరాలి.